శునకాలలో మోకాలి క్రూసియేట్ లిగమెంటు తెగడం – చికిత్స, పునరావాసం

వెనుక కాలు కుంటుతున్నదని తెచ్చిన పెంపుడు శునకాలలో మొదట అనుమానించవలసినది మోకాలిలోని ముందు క్రూసియేట్ లిగమెంటునే. మనుషులలో ఇది సాధారణంగా ఆటలలో తగిలిన దెబ్బకు తెగుతుంది. శునకాలలో మాత్రం నెలల తరబడి క్షీణించి, చివరకు చిన్న గెంతుకే తెగిపోతుంది. అందువల్లనే ఒక కాలు చెడిన శునకాలలో దాదాపు సగానికి కాలక్రమంలో రెండవ కాలు కూడా చెడుతుంది.

శునకాలలో అంతర్జంఘిక పైతలం వెనుకకు సుమారు 25 డిగ్రీలు వాలి ఉంటుంది. లిగమెంటు తెగినపుడు అడుగు వేసిన ప్రతిసారీ ఆ ఎముక ముందుకు జారి, కీలులోని నెలవంక మృదులాస్థిని నలిపివేస్తుంది. ఈ జారుడును చేతితో గుర్తించడమే డ్రాయర్ పరీక్ష. శునకం కండరాలు బిగబడితే మత్తు ఇవ్వక తప్పదు. ఎక్స్‌రేలో లిగమెంటు కనిపించదు. కీలులో చేరిన నీరు, ఎముక అంచులలో పెరిగిన మొలకలు కనిపిస్తాయి.

15 కిలోలలోపు శునకాలు కొన్ని విశ్రాంతితో, బరువు తగ్గింపుతో కోలుకుంటాయి. పెద్ద జాతులకు శస్త్రచికిత్సే మేలు. స్లోకమ్ 1993లో ప్రచురించిన టి.పి.ఎల్.ఓ. పద్ధతిలో లిగమెంటును కుట్టరు. ఎముకను వంపుగా కోసి, వాలును సుమారు 5 డిగ్రీలకు తగ్గించి, ప్లేటుతో బిగిస్తారు.

అసలు కష్టం ఇంటి వద్దనే. కోసిన ఎముక అతకడానికి 8 నుండి 12 వారాలు పడుతుంది. నొప్పి అంతకు ముందే తగ్గుతుంది, శునకం పరుగుకు సిద్ధమవుతుంది, యజమాని జాలిపడి గొలుసు విప్పుతాడు! ఎక్స్‌రేలో అతుకు నిర్ధారణ అయ్యేవరకు గొలుసుతో కొద్దిపాటి నడకే తగినది. నునుపైన టైల్స్‌పై పట్టాలు పరచాలి. ఇంట్లోని ఐబుప్రొఫెన్ మాత్రలు శునకానికి విషతుల్యం. నొప్పికి పశువైద్యుడు సూచించిన మందునే వాడాలి.