చింతపండు నిల్వ - రంగు మార్పు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములలో ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు చింతకాయలు రాల్చి, పెంకు, ఈనెలు, గింజలు తీసి యేటికి సరిపడ పండు దాచుకొందురు. కొత్తపండు ఎఱుపు. వేడికి, తేమకు అందలి చక్కెరలు అమైనో ఆమ్లములతో కలిసి పండు క్రమముగా నల్లబడును. పులుపునకు మూలమైన టార్టారిక్ ఆమ్లము మాత్రము నిలిచియే యుండును. కనుక ఇంటి వాడుకకు పాతపండు లోపము గాదు. పథ్యమునకు దానినే కోరువారును కలరు. అమ్ముకొను రైతునకు నలుపే నష్టము, వర్తకుడు రంగు చూచి ధర కట్టును.

బాగుగా ఎండిన పండునకు ఉప్పు కలిపి, గాలి చొరకుండ జాడీలో అదిమి మూత బిగింపవలెను. రాగి, ఇత్తడి పాత్రలు పనికిరావు. పులుపునకు చిలుము పట్టును. ధర పెరుగువరకు ఆగదలచినచో శీతల గిడ్డంగియే శరణ్యము. జాడీలోని ఉప్పు పురుగును, బూజును అడ్డగించును గాని నలుపును ఆపజాలదు.