పిడికెడు బియ్యము

దైవచింతనకు తీరిక యెక్కడిదని మన గృహిణులు తఱచుగ విచారింతురు. తెల్లవారినది మొదలు రాత్రివఱకు వంటయిల్లు, బిడ్డలు, ఉద్యోగము. ఆదివారమున దేవాలయమునకు పోవుటయే కష్టమగునపుడు తక్కిన ఆఱు దినములును దేవుని యెదుట నడచుట యెట్లు? ఈ ప్రశ్నకు కొండసీమ స్త్రీలు తమ పొయ్యి యొద్దనే యొక సమాధానమును కనుగొనిరి. దానిని సోదరీమణులకు తెలుప గోరుచున్నాము.

మన దేశమున ఈశాన్యమూలను మిజోరాము కలదు. పూర్వము దానిని లూషాయి కొండలనిరి. 1910వ సంవత్సరమున అచ్చటి క్రైస్తవ స్త్రీలు ఒక యాచారము నారంభించిరి. ప్రతిపూటయు వంటకు బియ్యము కొలిచి, ఎసట పోయకమునుపే, పిడికెడు తీసి దేవునికై వేఱొక పాత్రలో నుంతురు. సంఘస్త్రీలు ఇంటింటికి పోయి వానిని ప్రోగుచేసి విక్రయింతురు. ఆ ధనము సువార్త పరిచర్యకు వినియోగమగును. వారి భాషలో దీనికి బుహ్‌ఫాయి థామ్ అని పేరు. మన తెలుగు సంఘములలోను పిడికెడు బియ్యము తీయు వాడుక కలదు.

మఱుసటి యేటనే, 1911లో, ఆ కొండలపై వెదురు పూచెను. అట్లు పూచినపుడు దాని గింజలను తిని యెలుకలు మితిమీఱి పెరుగును. పిమ్మట పొలములపై బడి పంటను హరించును. ఆ విధముగ కఱవు వచ్చెను. గింజలు లెక్కపెట్టుకొను దినములలో పిడికెడు తీయుట యెంత కష్టమో కుండ యెదుట నిలిచిన తల్లికే తెలియును. పరిశుద్ధ గ్రంథమందలి సారెపతు విధవరాలును కఱవుకాలమున తొట్టిలోని కడపటి పిండితో ముందుగా ఏలీయాకే రొట్టె చేసి యిచ్చెను గదా! మిజోరాములో ఆ యాచారము నశింపలేదు. నూఱేండ్లు గడచినను నేటికిని సాగుచున్నది.

దీనియందు మాకు ముఖ్యముగ తోచునది బియ్యపు పరిమాణము గాదు, తీయు వేళ. తినగా మిగిలినది యిచ్చుట దయ; వండకమునుపు తీయుట జ్ఞాపకము. బియ్యములో చేయి పెట్టినప్పుడెల్ల ఈ యిల్లు ఎవరి దానమున నడచుచున్నదో స్మరణకు వచ్చును. దానికి వేఱుగ తీరిక యక్కఱలేదు.

ఐతే ఇందొక యపాయము కలదు. దేవుని భాగము తీఱినది, ఇక తక్కినది మనదే యని తలచుట. దేవునికి బియ్యము తీసిన చేయియే పనికత్తె జీతములో నాగాలకు కోత వేయును; కూరలమ్మునది పొరబాటున నెక్కువ యిచ్చిన చిల్లరను కొంగున ముడివేయును; కోడలి కంచములో గరిటెడు తగ్గించును. మేము పరుల చేతులను చూచి వ్రాయుట లేదు, మా చేతులనే చూచుకొని వ్రాయుచున్నాము. ఆ పిడికెడు తక్కిన బియ్యమునకు చెల్లించు పన్ను గాదు. తక్కినదంతయు నాయనదే యనుటకు గుఱుతు.

కావున సోదరీమణులారా, రేపు బియ్యము కొలుచునపుడు ఒక్క క్షణము చేయి నిలిపి పిడికెడు తీయుదము. అదే చేతితో కూలి లెక్కించునపుడును, కూర వడ్డించునపుడును, బిడ్డను దండింప చేయి యెత్తునపుడును, ఆ క్షణమును జ్ఞప్తికి తెచ్చుకొందము.