రూపాయి వడ్డీ... నిజంగా రూపాయేనా?

'నూటికి రూపాయి వడ్డీయే. నెలనెలా వాయిదాల్లో తీర్చేయొచ్చు' అంటే ఎవరికైనా చవకే అనిపిస్తుంది. సంతకం పెట్టేముందు ఓ అరగంట కంప్యూటర్ ముందో, సెల్‌ఫోన్‌తోనో కూర్చోండి. ఎక్సెల్, గూగుల్ షీట్స్ లాంటి స్ప్రెడ్‌షీట్లు ఆఫీసు లెక్కలకే కాదు, ఇంటి అప్పు ఎలా నడుస్తుందో ముందే చూసుకోవడానికీ పనికొస్తాయి.

ఇంట్లోనే టైలరింగ్ షాపు పెట్టాలని ఒకామె లక్ష రూపాయలు అప్పు తీసుకుందనుకుందాం. గడువు 24 నెలలు. నెలకు వెయ్యి చొప్పున వడ్డీ 24 వేలు. అసలుతో కలిపి 1,24,000. నెల వాయిదా 5,167 రూపాయలు. సరిగానే ఉన్నట్టుంది కదూ! కానీ అసలు నెలనెలా తగ్గుతున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా లక్ష మీదే వేస్తున్నారు. ఆఖరి నెలలో మిగిలే అసలు 4,167. దానికీ వడ్డీ వెయ్యే!

పట్టిక ఇలా...

* అయిదు నిలువు వరుసలు: నెల, ఉన్న బాకీ, వడ్డీ, వాయిదా, మిగిలిన బాకీ.

* వడ్డీ రేటును పక్కన విడిగా ఒక గడిలో వేయండి. 'ఉన్న బాకీ'ని దాంతో గుణిస్తే ఆ నెల వడ్డీ.

* బాకీకి వడ్డీ కలిపి వాయిదా తీసేస్తే మిగిలిన బాకీ. అదే కింది నెలకు 'ఉన్న బాకీ'. ఇలా 24 నెలలు.

రేటు గడిలో 1 శాతం వేస్తే, 22వ నెలకే అప్పు తీరిపోతుంది! 1.5 వేసినా ముందే దాదాపు తీరిపోతుంది. 1.8 వేస్తేనే 24వ నెలకు బాకీ సున్నాకు వస్తుంది. అంటే అసలు రేటు రూపాయి ఎనభై పైసలు. ఏడాదికి 12 కాదు, ఇరవై ఒకటిన్నర శాతం! నిజంగా రూపాయి వడ్డీ అయితే నెలకు 4,707 కడితే చాలు. మొత్తమ్మీద 11 వేలు మిగులు.

ఇక రాబడి సంగతి. ఖర్చులు పోను జాకెట్టుకు 150 మిగిలితే, వాయిదాకే నెలకు 35 జాకెట్లు కుట్టాలి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. ఆ నెల 20 అని వేసి చూడండి. లోటు 2,167. దాన్ని ఏ నెల మిగులులోంచి తీయాలో అప్పుడే తెలుస్తుంది.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కొత్తగా ఇచ్చే వ్యక్తిగత, చిన్న వ్యాపార రుణాలకు, ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటును 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్'లో చూపించాలి. అడిగి తీసుకోండి. చేబదులిచ్చే వడ్డీ వ్యాపారి అలాంటి కాగితం ఇవ్వడు. అక్కడ మీ పట్టికే మీకు దిక్కు!