శ్వాసగొట్టములో పాచి

నీటితొట్టె లోపలి గోడను తడవి చూచినచో చేతికి జారుడుగా తగులును. ఉదయము లేవగానే పండ్లపై నాలుకకు తగులు జిగురును అట్టిదే. ఈ రెంటిని మనవారు పాచి యనియే అందురు. ఈ పేరు శాస్త్రరీత్యా కూడ తగియున్నది. సూక్ష్మజీవులు ఒక తలమునకు అంటుకొని, తాము స్రవించిన జిగురులో గుంపుగా జీవించుటవలన ఇది ఏర్పడును. శాస్త్రజ్ఞులు దీనిని బయోఫిల్మ్ అందురు.

1680-90 మధ్య హాలండు దేశీయుడు లీవెన్‌హుక్ తన పంటిపాచిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు కదలాడు జీవులను చూచెను. వినెగరుతో కడిగినను పాచి పైభాగమందలి జీవులే చచ్చెననియు, అది లోపలికి చొరలేదనియు గమనించెను. నేడు వైద్యులను వేధించు చిక్కు ఇదియే.

స్వయముగా ఊపిరి తీయలేని రోగికి నోటిగుండా వాయునాళములోనికి ప్లాస్టిక్ గొట్టమును దింపి, వెంటిలేటరు అను యంత్రముతో శ్వాస నడుపుదురు. ప్రాణము నిలుపు ఆ గొట్టమే సూక్ష్మజీవులకు నెలవగును. రోగి సరిగా దగ్గలేడు. నోటిలోని స్రావములు గొట్టము ప్రక్కనుండి క్రిందికి జారును. కొద్దిదినములలోనే గొట్టమునకు పాచి పట్టును. దాని తునకలు ఊపిరితిత్తులు చేరినచో న్యుమోనియా కలుగవచ్చును. గొట్టము వేసిన 48 గంటల తరువాత వచ్చు న్యుమోనియాను ఈ కోవకు చేర్చుదురు.

ఈ పాచిలో సూడోమోనాస్ వంటి బాక్టీరియాలతో పాటు కాండిడా అను శిలీంధ్రము కూడ ఉండవచ్చును. వీని పొత్తు విచిత్రమైనది. సూడోమోనాస్ కాండిడాయొక్క పోగుల రూపమునకు అంటుకొని దానిని చంపుననియు, గుండ్రని ఈస్టు రూపమును చంపజాలదనియు 2002లో హోగన్, కోల్టర్ అను శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో చూపిరి. మరికొన్ని ప్రయోగములలో కాండిడా జిగురే బాక్టీరియాలకు కవచమై, మందు సోకకుండ కాపాడినది.

అట్లయిన రెంటికిని మందులిచ్చిన చాలదా? బాక్టీరియాను చంపు మందు శిలీంధ్రమును చంపదు. పెనిసిలిన్ జాతి మందులు బాక్టీరియా కణకుడ్యపు నిర్మాణమును అడ్డగించును; ఆ కుడ్యపదార్థము శిలీంధ్రములలో లేదు. శిలీంధ్రపు కుడ్యములో గ్లూకాను, కైటిను ఉండును. గ్లూకాను తయారీని ఆపు మందులు వేరుగా నున్నవి. కాని కఫములో కాండిడా కనబడినంతనే అది రోగకారణమనరాదు. ఆరోగ్యవంతులలో పలువురి నోటిలో అది ఉండును. దానివలన న్యుమోనియా వచ్చుట అరుదు. కావున అట్టివారికి సాధారణముగా శిలీంధ్రనాశక చికిత్స వలదని అమెరికా అంటువ్యాధి వైద్యుల సంఘము 2016లో సూచించినది. అనవసరపు మందు, మందులకు లొంగని జాతులను పెంచును. రక్తములో కాండిడా దొరికినచో మాత్రము చికిత్స తప్పదు.

పాచి పట్టకుండ చేయు యత్నములును జరిగినవి. 2008లో ప్రకటింపబడిన పరిశోధనలో వెండిపూత గొట్టము వాడినవారిలో న్యుమోనియా 7.5 శాతమునుండి 4.8 శాతమునకు తగ్గినది. మరణములు మాత్రము తగ్గలేదు. 2023లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో అమికాసిన్ మందును తుంపరగా మూడుదినములు పీల్పింపగా, అది 22 శాతమునుండి 15 శాతమునకు తగ్గినది.

వీటికన్న చవుకైన ఉపాయములు ఆసుపత్రి సిబ్బంది చేతిలోనే ఉన్నవి. చేతులు కడుగుకొనుట, రోగి నోటిని శుభ్రముగా నుంచుట, తలవైపును 30 నుండి 45 డిగ్రీలు ఎత్తుట, స్వయముగా ఊపిరి తీయగలడేమో ప్రతిదినము పరీక్షించుట ముఖ్యమైనవి. గొట్టము ఎంత త్వరగా తీయగలిగిన, పాచికి అంత తక్కువ వ్యవధి దొరకును.