తాపాస్

తాపాస్ అనగా స్పెయిన్ దేశములో వైను, బీరు వంటి పానీయములతో పాటు చిన్న పళ్ళెములలో వడ్డించు చిరుతిండ్లు. ఇది ఒక వంటకము పేరు కాదు, ఒక తినే పద్ధతి పేరు అనుటయే సబబు.

పేరు

స్పానిష్ భాషలో 'తాపా' అనగా మూత. ఈగలు పడకుండా పాత్రపై రొట్టెముక్కను మూతగా పెట్టెడివారని ఒక కథ కలదు. 13వ శతాబ్దపు రాజు పదవ అల్ఫోన్సో పేరిట మరొకటి చెప్పుదురు. వీటిని కథలుగానే తీసుకొనవలెను.

తినే పద్ధతి

స్పెయిన్ ప్రజలు రాత్రి భోజనము సాధారణముగా 9 గంటల తరువాతనే చేయుదురు. అంతవరకు మిత్రులతో కలిసి ఒక్కొక్క చోట ఒకటి రెండు పళ్ళెములు పంచుకొనుచు, తరచు నిలబడియే తినుచు, మరొక చోటికి సాగిపోవుదురు. దీనిని 'తపేయో' అందురు.

గ్రనాడా నగరములో పానీయము కొన్నవారికి తాపా ఉచితముగా ఇచ్చు ఆచారము ఉన్నది. ఏది ఇవ్వవలెనో చాలా చోట్ల దుకాణదారుడే నిర్ణయించును. రెండవ పానీయమునకు వేరొకటి వచ్చును.

ఉత్తరమున బాస్క్ ప్రాంతపు శాన్ సెబాస్టియన్ నగరములో వీటికి దగ్గరివి 'పించో'లు. రొట్టెముక్కపై పదార్థమును పేర్చి పుల్ల గుచ్చెదరు. బల్లపై నుండి ఎవరికి వారే తీసుకొని తినగా, కొన్ని చోట్ల పళ్ళెములో మిగిలిన పుల్లలను లెక్కించి సొమ్ము తీసుకొందురు. పుల్లను దాచుట కష్టమేమీ కాదు. అయినను ఈ లెక్క నమ్మకముపైననే నడచును.

శాకాహారులు కారపు సాస్ వేసిన బంగాళదుంపల వేపుడు (పతాతాస్ బ్రావాస్), ఆలివ్ నూనెలో వేయించిన పాద్రోన్ మిరపకాయలు తినవచ్చును. ఈ కాయలలో చాలావరకు కారముండదు, ఎక్కడో ఒకటి మాత్రము మండును. మన బజ్జీ మిరపకాయలు తిన్నవారికి ఇది కొత్త కాదు. కూరగాయల వంటకములలో సైతము పందిమాంసపు ముక్కలు ఉండవచ్చును కనుక ముందుగా అడుగుట మంచిది. 'తోర్తియా' అను బంగాళదుంపల అట్టులో గుడ్డు ఉండును.