తొలకరినాట ధాన్యమును, ప్రాణమును కాపాడుకొనుట

రోహిణి కార్తె యెండలు ముగిసి మృగశిరలో తొలి జల్లులు పడగానే రైతు దృష్టి యంతయు నాగలి మీదను, విత్తనముల మీదను నిలుచును. ఆ దినములలోనే ఇంటియందు మరియొక మార్పు కలుగును. పొలము గట్లలోని కలుగులలోనికి నీరు చొరబడుటచే ఎలుకలును, పందికొక్కులును, వాని వెంట పాములును పొడినేలను వెదకికొనుచు ఇండ్లు చేరును. భారతదేశమున 2000 మొదలు 2019 వరకు పాముకాటుచే సుమారు 12 లక్షల మంది మరణించిరని అంచనా. వారిలో ఎక్కువమంది పల్లెవాసులు. ఈ మరణములలో దాదాపు సగము జూను మొదలు సెప్టెంబరు వరకు గల వాన నెలలలోనే సంభవించినవి. ఇందు చాల భాగము తప్పింపదగినదే.

1. పాము ఇంటి కేల వచ్చును?

పాము పగబట్టి వచ్చునను మాట నిజము కాదు. ఎలుక గింజకై వచ్చును. పాము ఎలుకకై వచ్చును. నాగుపామును, రక్తపింజరయు ఎలుకలను తినును. కట్లపాము ముఖ్యముగా ఇతర పాములను తినునదే యైనను, పగటివేళ ఎలుక కలుగులలో దాగియుండును. కనుక పాము భయమునకు నివారణ గాదె యొద్దనే ప్రారంభింపవలయును.

2. గాదెను కాపాడు విధము

ఎలుక సుమారు మూడు వారములు చూలు మోసి, ఒక్క యీతలో ఆరు మొదలు పది పిల్లల వరకు పెట్టును. ఆ పిల్లలు మూడు నెలలలో తామే యీనుటకు సిద్ధమగును. కావున వానలకు ముందే జాగ్రత్త పడవలయును. గాదెను మూడడుగుల యెత్తుగల కాళ్లపై, గోడకు ఎడముగా నిలుపవలయును. కాళ్లకు రేకు గరాటులను బోర్లించి తొడిగినచో ఎలుక పైకి ఎక్కజాలదు. గోడలలోని కలుగులను గాజు పెంకులు కలిపిన సున్నముతో గాని, సిమెంటుతో గాని మూయవలయును. అంగుళములో నాలుగవ వంతు సందున్నను చుంచెలుక దూరగలదు. కట్టెలను, పిడకలను, చొప్పను ఇంటి గోడకు ఆనించి పేర్చరాదు. కోళ్లగూడు పడక యింటికి దూరముగా నుండవలయును. చిందిన గింజలకు ఎలుకలును, గ్రుడ్లకు, పిల్లలకు నాగుపామును వచ్చును.

3. రైతునకు తోడగు జంతువులు

పిల్లి తిరుగు ఇంట ఎలుకలు నిర్భయముగా కాపురముండవు. అన్నము పెట్టినచో పిల్లి వేట మానునని కొందరందురు. అది సరికాదు. తిండి దొరకు పిల్లి ఇల్లు విడువక అక్కడనే వేటాడును. పెద్ద పందికొక్కును మాత్రము పిల్లి తరచు విడిచిపెట్టును. దానికి బోను పెట్టుటయే మేలు. కుక్క రాత్రివేళ ఒకేచోటు చూచి మొఱిగినచో, దీపముతో దూరమునుండి పరీక్షింపవలయునే గాని చేయి పెట్టరాదు. కుక్కకును, పిల్లికిని పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకాలు తప్పక వేయింపవలయును.

అపశకునమని తరిమివేయు గుడ్లగూబ రాత్రియంతయు ఎలుకలనే వేటాడును. జెర్రిపోతు విషములేని పాము. ఎలుకలను కలుగులలో దూరి పట్టును. అది నాగుపామునకు మగదనియు, ఆవుల పొదుగు కుడుచుననియు చెప్పుమాటలకు ఆధారము లేదు. దానిని చంపినవాడు తన గాదె కావలిని చంపినవాడగును. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము అది నేరము కూడ. ఎలుకల మందు విచ్చలవిడిగా పెట్టినచో, ఆ మందు తినిన ఎలుకను మ్రింగి పిల్లియు, గుడ్లగూబయు చచ్చు ప్రమాదము కలదు.

4. పడక విషయము

కట్లపాము నల్లగా నిగనిగలాడుచు, సన్నని తెల్లని అడ్డచారలు కలిగియుండును. ఇది రాత్రివేళ నేలపై నిద్రించువారిని కరచును. కాటువద్ద నొప్పియు, వాపును స్వల్పము. గాటు కంటికి కానరాకపోవచ్చును. కొన్ని గంటలకు కడుపునొప్పి కలిగి, కనురెప్పలు వ్రాలి, మాట తడబడి, ఊపిరి ఆడకపోవును. కావున వానకాలమున పిల్లలైనను, పశువుల కొట్టములో పండుకొను పనివాండ్రైనను నేలపై నిద్రింపరాదు. మంచముపై దోమతెర కట్టి, దాని అంచులను పడక క్రిందికి మడచినచో పామునకును ప్రవేశముండదు. చీకటిలో అడుగు పెట్టునపుడు దీపమును, చెప్పులును విడువరాదు.

5. కాటు పడినచో

కరచిన కాలిని గాని, చేతిని గాని కదలకుండ బద్దకు వదులుగా కట్టి, కడియములు, ఉంగరములు తీసివేసి, రోగిని నడిపింపక మోసికొని వెంటనే దవాఖానాకు చేర్పవలయును. బిగించి త్రాడు కట్టుట, గాటును కోయుట, నోట పీల్చుట, ఆకు పసరు పోయుట హానికరములు. పామును పట్టుటకై కాలము వ్యర్థము చేయరాదు. మంత్రముచే బ్రతికిరని చెప్పబడువారు విషములేని పాము కరచినవారో, లేక కాటు పడియు విషమెక్కనివారో అయియుందురు. నిజముగా విషమెక్కినవానికి విరుగుడు సూది మందొకటియే శరణము. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమునకును ఒకే మందు పనిచేయును.

భూస్వాములగు రైతులు మృగశిరకు ముందే సమీపమున ఏ దవాఖానాలో ఈ మందు కలదో విచారింపవలయును. అర్ధరాత్రివేళ ఎవరి బండిలో పోవలయునో నిర్ణయించుకొని, ఆ సంగతిని ఇంటి ఆడువారికిని, పనివాండ్రకును ముందుగనే తెలిపియుంచవలయును. విత్తనములు సిద్ధము చేసికొనునాడే ఈ పనియు ముగించుట యుక్తము.