వాక్యం చివరి చిన్న అంకె: వైద్య రచనలో రిఫరెన్సులు

విద్యార్థులారా! ఏదైనా వైద్య పత్రిక తెరిచి ఒక వ్యాసం చూడండి. దాదాపు ప్రతి పేరాలోనూ వాక్యాల చివర 1, 2, 3 అంటూ చిన్న అంకెలు కనిపిస్తాయి. వ్యాసం చివర అదే వరుసలో పేర్లు, సంవత్సరాలు, పుటల సంఖ్యలతో ఒక జాబితా ఉంటుంది. చాలామంది ఈ జాబితా దగ్గరకు రాగానే చదవడం ఆపేస్తారు. కానీ వ్యాసకర్త చెప్పిన మాట నమ్మదగినదో కాదో తేల్చుకోవడానికి పాఠకుడికి ఉన్న దారి అదే. వాక్యంలోని ఆ గుర్తును సైటేషన్ అనీ, చివరి జాబితాను రిఫరెన్సుల పట్టిక అనీ అంటారు. వీటిని ఎలా రాయాలో, అంత జాగ్రత్తగా ఎందుకు రాయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

రిఫరెన్సు ఎందుకు ఇవ్వాలి?

రిఫరెన్సు వల్ల మూడు ప్రయోజనాలున్నాయి. మొదటిది, ఒక విషయాన్ని కనుగొన్నవారికి ఆ గౌరవం దక్కుతుంది. రెండవది, మీరు చెప్పిన విషయానికి ఆధారం ఎక్కడుందో పాఠకుడికి తెలుస్తుంది. మూడవది, ఆ ఆధారాన్ని అతడు స్వయంగా వెతికి, చదివి, సరిచూసుకోగలుగుతాడు. వైద్యంలో మూడవది మరీ ముఖ్యం. ఎందుకంటే వ్యాసంలోని వాక్యం రేపు మందుచీటీ మీద మోతాదుగా మారవచ్చు.

వాంకూవర్ పద్ధతి

ఒకప్పుడు ఒక్కో పత్రిక రిఫరెన్సులను ఒక్కో తీరులో అడిగేది. ఒక పత్రిక వ్యాసాన్ని తిరస్కరిస్తే, మరో పత్రికకు పంపేముందు రచయిత పట్టిక మొత్తాన్ని మళ్ళీ టైపు చేసుకోవలసి వచ్చేది. ఈ ఇబ్బందిని తొలగించడానికి కొందరు వైద్య పత్రికల సంపాదకులు 1978 జనవరిలో కెనడాలోని వాంకూవర్ నగరంలో సమావేశమయ్యారు. వారు రూపొందించిన నియమాలు 1979లో వెలువడ్డాయి. రిఫరెన్సుల నమూనాను అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ తయారుచేసింది. ఆ సంపాదకుల బృందమే తరువాత వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీగా ఎదిగింది. సమావేశం జరిగిన ఊరి పేరు మాత్రం పద్ధతికి అలాగే నిలిచిపోయింది.

ఈ పద్ధతిలో ముఖ్య సూత్రం ఒక్కటే. వ్యాసంలో ఏ ఆధారం ముందుగా ప్రస్తావనకు వస్తే దానికి 1, తరువాత వచ్చినదానికి 2 అని అంకెలు ఇవ్వాలి. ఒకసారి 3 అని ఇచ్చిన ఆధారాన్ని పది పేరాల తరువాత మళ్ళీ ప్రస్తావించినా దాని అంకె 3 మాత్రమే. పట్టిక కూడా ఈ అంకెల వరుసలోనే ఉంటుంది కాని, పేర్ల అకారాది క్రమంలో ఉండదు. అకారాది క్రమం పేరు–సంవత్సరం పద్ధతికి చెందినది. ఆ పద్ధతిలో వాక్యంలోనే రచయిత పేరు, సంవత్సరం రాస్తారు. రెండింటినీ ఒకే వ్యాసంలో కలపకూడదు.

ఒక రిఫరెన్సును విడదీసి చూద్దాం

ఉదాహరణకు ఈ రిఫరెన్సును గమనించండి:

పోర్టర్ జె, జిక్ హెచ్. అడిక్షన్ రేర్ ఇన్ పేషెంట్స్ ట్రీటెడ్ విత్ నార్కోటిక్స్. ఎన్ ఇంగ్ల్ జె మెడ్. 1980;302(2):123.

మొదట రచయితల పేర్లు. ఇంటిపేరు ముందు, దాని వెనుక పొడి అక్షరాలు. పొడి అక్షరాల మధ్య చుక్కలు ఉండవు. ఇద్దరు రచయితల మధ్య కామా ఉంటుంది. ఆరుగురికంటే ఎక్కువమంది ఉంటే చాలా పత్రికలు మొదటి ఆరుగురి పేర్లు రాసి 'ఎట్ ఆల్', అంటే 'తదితరులు', అని చేర్చమంటాయి. తరువాత వ్యాసం శీర్షిక. ఇంగ్లీషులో రాసేటప్పుడు శీర్షికలో మొదటి మాటకు, వ్యక్తుల, స్థలాల పేర్లవంటి వాటికి మాత్రమే పెద్ద అక్షరం వాడాలి. ఆ తరువాత పత్రిక పేరు, సంక్షిప్త రూపంలో. ఇక్కడ ఉన్నది న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్. చివరగా సంవత్సరం, సెమీకోలన్, సంపుటి, బ్రాకెట్లలో సంచిక, కోలన్, పుట.

సంక్షిప్త రూపాన్ని సొంతంగా తయారుచేయకూడదు. నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ కేటలాగులో ఉన్నదే వాడాలి. మన దేశంలో 1913 నుంచి వెలువడుతున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌ను 'ఇండియన్ జె మెడ్ రెస్' అని రాస్తారు. లాన్సెట్ వంటి ఒంటిమాట పేర్లను కుదించరు. పుటల సంఖ్యలో మాత్రం కుదింపు ఉంది. 637 నుంచి 641 వరకు అయితే 637-41 అని రాస్తే చాలు.

మన పేర్ల సంగతి

తెలుగువారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాశ్చాత్యుల పేర్లలో ఇంటిపేరు చివర వస్తుంది, మనకు ముందు వస్తుంది. భాస్వరాన్ని కొలిచే పద్ధతి గురించి యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కే కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసం పట్టికలో 'ఫిస్కే సి హెచ్, సుబ్బారో వై' అనే కనిపిస్తుంది. అంటే ఇంటిపేరు పొడి అక్షరమైంది, సొంత పేరు ఇంటిపేరు స్థానంలోకి వచ్చింది. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఒకే మనిషి ఒక వ్యాసంలో ఒక విధంగా, మరో వ్యాసంలో మరో విధంగా పేరు రాసుకుంటే డేటాబేసు అతన్ని ఇద్దరిగా లెక్కిస్తుంది. అందుకే మొదటి వ్యాసం నాడే పేరు రూపాన్ని, ఇంగ్లీషు స్పెల్లింగును నిర్ణయించుకొని ఎప్పుడూ అదే వాడండి. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య కూడా ఇందుకు ఉపయోగపడుతుంది.

రూపం సరిగా ఉంటే చాలా?

ఇప్పుడు మనం చూసిన ఉదాహరణకే తిరిగి వద్దాం. అది పరిశోధన వ్యాసం కాదు, సంపాదకుడికి రాసిన ఐదు వాక్యాల లేఖ. ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులు చూడగా, నల్లమందు జాతి నొప్పిమందులు ఒక్కసారైనా తీసుకున్న 11,882 మందిలో, అంతకుముందు వ్యసనం లేనివారికి వ్యసనం ఏర్పడినట్లు తగిన ఆధారాలున్న కేసులు నాలుగే కనిపించాయని అందులో ఉంది. ఇది ఆసుపత్రిలో, వైద్యుల కళ్ళెదుట మందు తీసుకున్నవారి సంగతి. నెలల తరబడి ఇంటిదగ్గర మాత్రలు మింగేవారి గురించి ఆ లేఖ ఏమీ చెప్పలేదు.

కాని తరువాత వచ్చిన వ్యాసాలు దాన్ని ఎలా వాడుకున్నాయి? కెనడా పరిశోధకులు 2017లో అదే పత్రికలో లెక్క తేల్చారు. లేఖను 608 వ్యాసాలు ఉదహరించాయి. వాటిలో 439, ఈ మందులతో వ్యసనం అరుదు అనడానికి దాన్ని ఆధారంగా చూపాయి. 491 వ్యాసాలు ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవారన్న సంగతినే చెప్పలేదు. 1990ల నుంచి అమెరికాలో ఈ మందుల వాడకం పెరిగి, ఆ జాతి మందులూ మాదకద్రవ్యాలూ మోతాదు మించి లక్షలమంది ప్రాణాలు కోల్పోయారు. దానికి లేఖ ఒక్కటే కారణం కాదు. కాని వైద్యుల భయాన్ని తగ్గించిన కారణాల్లో ఈ సైటేషన్లూ ఉన్నాయని ఆ పరిశోధకులు భావించారు. లేఖను విమర్శ లేకుండా విరివిగా ఉదహరించారని పాఠకులను హెచ్చరిస్తూ పత్రిక 2017లో ఒక గమనిక చేర్చింది.

చుక్క, కామా అన్నీ సరిగా ఉన్న రిఫరెన్సు కూడా తప్పుదారి పట్టించగలదని దీనివల్ల తెలుస్తోంది. ఒకరు చదవకుండా రాసినదాన్ని చూసి మరొకరు రాశారు. అందువల్లనే సంపాదకుల కమిటీ వీలైనంతవరకు మూల పరిశోధననే నేరుగా ఉదహరించమంటుంది.

మరో జాగ్రత్త కూడా ఉంది. ప్రచురించిన వ్యాసాన్ని పత్రిక తరువాత ఉపసంహరించుకోవచ్చు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాల ఉమ్మడి టీకాకు ఆటిజంతో సంబంధం ఉందనే అనుమానాన్ని వ్యాపింపజేసిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ 2010లో ఉపసంహరించుకుంది. అటువంటి వ్యాసాన్ని చర్చ కోసం ప్రస్తావించవలసివస్తే, ఉపసంహరించినదని పట్టికలో స్పష్టంగా రాయాలి.

కంప్యూటరు సహాయం

జొటెరో, ఎండ్‌నోట్ వంటి సాఫ్ట్‌వేర్లు అంకెలను తామే సరిచేస్తాయి. మధ్యలో కొత్త ఆధారం చేరితే మిగతావన్నీ జరుగుతాయి. కాని డేటాబేసులో తప్పు ఉంటే అదే తప్పు మీ పట్టికలోకి వస్తుంది. ఇక ప్రశ్నకు జవాబు రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలు అసలు లేని వ్యాసానికి కూడా రచయితల పేర్లు, సంపుటి, పుటలు కల్పించి ఇవ్వగలవు. చూడటానికి అవి నిర్దుష్టంగా ఉంటాయి. అందుకని ప్రతి రిఫరెన్సునూ పబ్‌మెడ్‌లోనో, పత్రికలోనో వెతికి, వ్యాసం దొరికాకే పట్టికలో చేర్చండి.

మీరు చేసి చూడండి

మీ పాఠ్యపుస్తకంలోనో, కళాశాల గ్రంథాలయంలోని పత్రికలోనో ఒక అంకె ఉన్న వాక్యాన్ని ఎంచుకోండి. ఆ అంకె చూపే వ్యాసాన్ని వెతకండి. అందులో ఎవరిని పరిశీలించారు? ఎంతమందిని? ఎక్కడ? ఎన్నాళ్ళు? మీరు ఎంచుకున్న వాక్యం వ్యాసం చెప్పినంతే చెబుతోందా, ఇంకా ఎక్కువ చెబుతోందా? ఈ ప్రశ్నలకు జవాబులు ఒక పుటలో రాయండి. చివర ఆ వ్యాసం రిఫరెన్సును వాంకూవర్ పద్ధతిలో రాయండి. పని పూర్తయ్యేసరికి, ఆ చిన్న అంకె వేయడానికి రచయిత ముందుగా ఎంత చదవాలో మీకే తెలుస్తుంది.